మూడేళ్ల బాబు, పదకొండు గంటల వేళ: కొరికే పిల్లవాడిపై ఒక అంగన్‌వాడీ కేస్ స్టడీ

ఇది ఒకే పిల్లవాడి ఫైలు కాదు. తెలంగాణ అంగన్‌వాడీల్లో తరచూ ఎదురయ్యే ఒకే రకం కేసులను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాసిన నమూనా కేసు. అంకెలు కూడా ఆ నమూనావే. అందుకే ఇందులో టీచర్ టీచరే, పిల్లవాడు బాబే.

కేంద్రం ఒక మండల కేంద్రం అంచున, అద్దె గదిలో ఉంది. రిజిస్టర్‌లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 18 మంది. రోజూ వచ్చేది 14, 15 మంది. ఒక టీచర్, ఒక ఆయమ్మ. 2013 నాటి జాతీయ బాల్యారంభ సంరక్షణ, విద్యా విధానం ఈ వయసు పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలంటుంది. ఆ లెక్కన ఇక్కడ లోటేమీ లేదు. కానీ పదకొండుకు ఆయమ్మ పొయ్యి దగ్గరికి వెళ్తుంది. అప్పటి నుంచి వడ్డన అయ్యేదాకా గదిలో టీచర్ ఒక్కతే. ఈ కేసంతా ఆ గంటా గంటన్నర చుట్టూనే తిరుగుతుంది.

బాబు చేరేనాటికి వయసు మూడేళ్ల రెండు నెలలు. లంబాడా కుటుంబం. తల్లిదండ్రులు సెంట్రింగ్ పనికి పట్నం అంచుకు వచ్చి, కట్టే బిల్డింగ్ పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నారు. అప్పటిదాకా బాబు తండాలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఇంట్లో గోర్ బోలి, కేంద్రంలో తెలుగు. మొదటి వారం ఏడ్చాడు, రెండో వారం మౌనంగా కూర్చున్నాడు, మూడో వారం నుంచి కొరకడం మొదలైంది. నెల తిరిగేసరికి మిగతా పిల్లలు వాణ్ని 'కొరికేటోడు' అని పిలుస్తున్నారు. ఇద్దరు తల్లులు "వాణ్ని తీసేయుర్రి టీచర్, లేకుంటే మా పిల్లల్ని పంపం" అనేశారు.

అప్పటిదాకా పెద్దవాళ్లు చేసినవి

ఇలాంటి కేసు చేతికొచ్చేసరికి నాలుగైదు పద్ధతులు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఇక్కడా అంతే. ఆయమ్మ "సూదేయిస్తా", "పోలీసులకు పట్టిస్తా" అని బెదిరించింది. ఒక తల్లి "మూతికి కారం పెట్టుర్రి, మళ్ల కొరకడు" అని సలహా ఇచ్చింది. బాబు తండ్రి తిరిగి కొరికి చూపించాడు, నొప్పి తెలుస్తుందని. కేంద్రంలో మూలకు కూర్చోబెట్టారు. బలవంతంగా సారీ చెప్పించారు.

తిరిగి కొరికితే మూడేళ్ల పిల్లవాడికి పాఠమేమీ అందదు. తనకు కలిగిన నొప్పిని, తాను ఇంకొకరికి పెట్టిన నొప్పితో పోల్చి చూసే శక్తి ఆ వయసులో, అందులోనూ ఏడుస్తున్న క్షణంలో ఉండదు. వాడికి మిగిలేది ఒక్కటే: పెద్దవాళ్లు కూడా కొరుకుతారు. కారం సంగతి చెప్పనక్కర్లేదు. అది నోటి పొరను కాలుస్తుంది, కంట్లో పడుతుంది, చట్టం కంట్లోనూ పడుతుంది. చాలామంది ఇక్కడ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతారు గానీ, ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం చేసింది. అంగన్‌వాడీ వయసు పిల్లల విషయంలో చూడాల్సింది 2015 నాటి బాలన్యాయ చట్టం 75వ సెక్షన్. తన సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తించడం దాని ప్రకారం నేరం.

మూలకు కూర్చోబెట్టడం చూడ్డానికి మెత్తటి శిక్ష. బాబు విషయంలో అది పనిచేయకపోవడానికి కారణం వేరు. వాడు కొరికేది మనుషులు మీద పడుతున్నప్పుడు, తప్పించుకోవడానికి. మూలకు పంపితే వాడు కోరుకున్నదే దొరుకుతోంది. అంటే కొరకడం పనిచేస్తోందని రోజూ మనమే రుజువు చేస్తున్నామన్నమాట.

రెండు వారాల పట్టిక

టీచర్ మొదట చేసిన పని వాణ్ని మార్చాలన్న ప్రయత్నం ఆపేసి రాయడం మొదలుపెట్టడం. రెండు వారాలు అడ్డుకోవడం, కడగడం, ఓదార్చడం యథావిధిగా సాగాయి. కొత్త పద్ధతేదీ పెట్టలేదు. నోటుబుక్‌లో ఆరు గళ్లు గీసుకుంది: టైము, గదిలో ఎక్కడ, అంతకు ముందు పది సెకన్లలో ఏం జరిగింది, పక్కన ఎవరు, ఒంటి మీద ఎక్కడ కొరికాడు, ఆ తర్వాత బాబుకు ఏం దొరికింది. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. అసలు సమాధానం ఎక్కువగా అందులోనే ఉంటుంది. 'కోపంతో కొరికాడు', 'మొండికేశాడు' లాంటి మాటలు పట్టికలో రాయకూడదు. 'సరిత వెనక నుంచి చంకలో ఎత్తుకుంది, కాళ్లు తన్నాడు, మెడ దగ్గర కొరికాడు, కిందికి దించింది' అని కంటికి కనిపించింది రాయాలి. (ఈ పేరు మేం పెట్టిందే.)

పట్టికలో పదకొండు సంఘటనలు తేలాయి. ఎనిమిది 11 నుంచి 12 మధ్యే. ఒంటి మీద చోటు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. వేళ్లు, మణికట్టు మీద పడినవి బొమ్మల మూల దగ్గరవి. ఒక వస్తువు కోసం చేతులు పెనుగులాడాయి, నోరు అందుకుంది. భుజం, వీపు మీద పడినవి చేతులు కడుక్కునే లైన్లోవి. వెనకవాళ్లు తోస్తే ముందున్నవాణ్ని కొరికాడు. మెడ, బుగ్గ దగ్గర పడినవి రెండు. ఆ రెండుసార్లూ ఐదేళ్ల ఆడపిల్లలు ముద్దుచేస్తూ వాణ్ని ఎత్తుకున్నారు. తరగతిలో అందరికన్నా చిన్నవాణ్ని పెద్దపిల్లలు పాపాయిలా మోయడం మన కేంద్రాల్లో మామూలే. చూసేవాళ్లకు అది ముచ్చటగా ఉంటుంది. మోయించుకునేవాడికి ఎలా ఉందో ఎవరూ అడగరు.

మొత్తం పట్టికలో ఊరికే నడుస్తూ వెళ్లి ఎవరినో కొరికిన సంఘటన ఒక్కటీ లేదు. వాడి మీదికి ఎవరో రావడం, వాడి చేతిలోది ఎవరో లాగడం, తర్వాత నోరు. ప్రతిసారీ ఇదే వరస.

మాట వెనకబడిందా, భాష మారిందా

మూడేళ్లు దాటినా కేంద్రంలో ఒక్క తెలుగు మాట పలకని పిల్లవాణ్ని చూడగానే 'మాటలు రావు' అని రాసేయడం తేలిక. అది తప్పు కూడా కావచ్చు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మౌనంగా వింటూ ఉంటారు. నిజంగా మాట ఆలస్యమైతే అది రెండు భాషల్లోనూ కనిపించాలి. అందుకే టీచర్ నాయనమ్మతో ఫోన్లో మాట్లాడి నాలుగు ప్రశ్నలు అడిగింది. మీ మాటలో మూడు నాలుగు పదాలు కలిపి మాట్లాడతాడా? రెండు పనులు ఒకేసారి చెబితే, అంటే చెంబు తీసుకొని తాతకు ఇచ్చిరా అంటే, చేస్తాడా? తండాలో వేరేవాళ్లకు వాడి మాట అర్థమవుతుందా? వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరుగుతాడా? నాలుగింటికీ అవుననే వచ్చింది. చెవిలో చీము కారడం లాంటిది ఉందా అని కూడా అడిగింది, లేదంది. పదేపదే జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది. పక్కకు వచ్చిన మనిషి అలికిడి తెలియక ఉలిక్కిపడి కొరికే పిల్లలు కూడా ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న తప్పనిసరి.

అంటే బాబుకు మాటలున్నాయి. ఆ గదిలో అవి పనికిరావడం లేదు.

తల్లితో మాట్లాడాక ఇంకో ముక్క దొరికింది. షెడ్డులో రాత్రి పదకొండు దాకా లైట్లు, మనుషులు, ఫోన్లో పాటలు. ఆరింటికి పనివాళ్లంతా లేస్తారు, బాబు కూడా. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. ఆ తర్వాత మళ్లీ వాడి నోట్లో అన్నం పడేది పన్నెండున్నరకు. నిద్ర చాలని, అయిదు గంటలుగా ఖాళీ కడుపుతో ఉన్న మూడేళ్ల పిల్లవాణ్ని పద్నాలుగు మంది లైన్లో నిలబెట్టే టైము పదకొండున్నర.

గదిలో మార్చినవి

మొదట తిండి. మధ్యాహ్నం తర్వాత ఇచ్చే చిరుతిండిలో సగాన్ని పదిన్నరకు జరిపారు, అందరికీ. బాబు ఒక్కడికే పెడితే అది కొరికినందుకు బహుమానమైపోతుంది, పైగా తక్కిన పిల్లలకూ ఆకలేస్తుంది. సగం అరటిపండు గానీ, గుప్పెడు తడిపిన అటుకులు గానీ, మెదిపిన సెనగ గుగ్గిళ్లు గానీ. మెదపడం మర్చిపోకూడదు. గుండ్రంగా, గట్టిగా ఉండే గింజలు, ముఖ్యంగా పల్లీలు, ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి. కూర్చోబెట్టి పెట్టాలి, పరుగెడుతూ తిననివ్వకూడదు.

తర్వాత లైన్. అసలు లైనే తీసేశారు. అడుగున కుళాయి బిగించిన బకెట్లు రెండు, ఒకటి గుమ్మం పక్కన, ఒకటి కిటికీ కింద. తక్కినవాళ్లు చాప మీద పాట పాడుతుంటే టీచర్ ముగ్గుర్ని పిలుస్తుంది. వాళ్లు వచ్చాక ఇంకో ముగ్గురు. నేల మీద సుద్దతో పాదాల గుర్తులు, మధ్యలో మూరెడు దూరం. చేయి చాపినా పక్కవాడికి తగలదు. నిలబడే సమయం ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దాటదు. ఈ ఒక్క మార్పుతోనే భుజాలూ వీపుల మీద గాట్లు దాదాపు ఆగిపోయాయి. మామూలుగా లైన్లను మనం క్రమశిక్షణ కోసం పెడతాం. మూడేళ్లవాళ్లకు అది ఒకరినొకరు తోసుకునే ఏర్పాటుగా మారుతుందని ఎందుకో గమనించం.

బొమ్మల మూలలో ఒకే లారీ ఉండేది. ఈ వయసుకు పది రకాల బొమ్మలు ఒక్కొక్కటి కన్నా ఒకే రకం బొమ్మలు మూడు ఉండటం మేలు. లారీలు కొనలేదు. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క ముక్కలు తెచ్చి, ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, సబ్బు డబ్బాలకు టేపు వేసి దిమ్మలు చేశారు, నలభై దాకా. చాప అంచులకు రంగు టేపు వేసి ఆ మూలకు హద్దు పెట్టారు. లోపలికి ముగ్గురే. గోడకు మేకు, మేకుకు మూడు ప్లాస్టిక్ గాజులు. గాజు చేతికి ఉన్నవాళ్లదే ఆట. గాజు లేకపోతే వంతు వచ్చేదాకా పక్కన ఇసుక పళ్లెం దగ్గర ఆడుకోవాలి.

రెండో రోజే బాబు పొద్దున రాగానే మూడు గాజులూ తన చేతికే వేసుకొని మూలలో కూర్చున్నాడు. నియమం వాడికి బాగానే అర్థమైంది. గాజులు మేకు మీంచి తీసి, రోజుకొక పిల్ల చేతికిచ్చి పంచే పని అప్పగించాక ఆ చిక్కు పోయింది. వారంలో ఒక రోజు ఆ పంచే పని బాబుదే. పంచేటప్పుడు వాడు ఎవరినీ కొరకలేదు. ఎందుకంటే అప్పుడు పిల్లలు చేయి చాపి అడుగుతూ వస్తారు, మీద పడుతూ రారు.

టీచర్ తన టైమునూ సర్దుకోవాల్సి వచ్చింది. అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు, రిజిస్టర్లు పదకొండు గంటల వేళ చేసుకునే అలవాటు ఉండేది. పిల్లలు ఆటలో ఉంటారు కదా అని. వాటిని భోజనాల తర్వాత పిల్లలు పడుకున్న సమయానికి మార్చింది. ఆయమ్మ కూరగాయలు పదిలోపే తరిగి పెట్టుకుంటే, 11.20 నుంచి 11.40 దాకా చేతులు కడిగించడానికి గదిలోకి రాగలిగింది. ఉన్న ఇద్దరితోనే చేయాల్సిన సర్దుబాటు ఇది. ఇంకొక మనిషిని ఇస్తే తప్ప కుదరదని కూర్చుంటే ఆ మనిషి వచ్చేసరికి బాబు బడికి పోతాడు.

నోటికి బదులు అరచెయ్యి

కొరకొద్దు అంటే సరిపోదు. కొరకడం వల్ల వాడికి దొరికేదేమిటో, అది ఇంకో దారిలో దొరకాలి. బాబుకు కావలసింది ఎదుటివాళ్లు వెనక్కి జరగడం. అందుకని అరచెయ్యి ముందుకు చూపి 'ఒద్దు' అనడం నేర్పారు. మాట రాకపోయినా చెయ్యి చాలు.

నేర్పే సమయం ముఖ్యం. గొడవ జరుగుతున్నప్పుడు ఏదీ తలకెక్కదు. పొద్దున రాగానే ఒకసారి, చిరుతిండి తర్వాత ఒకసారి, ఇంటికి పోయేముందు ఒకసారి, ఒక్కోసారి ఐదు నిమిషాలు. గుడ్డ బొమ్మ నడుచుకుంటూ బాబు లారీ దగ్గరికి వస్తుంది. బాబు అరచెయ్యి చూపిస్తాడు. బొమ్మ "అమ్మో" అని గెంతుకుంటూ వెనక్కి పోతుంది. వాడు మొదటిసారి నవ్వింది ఈ ఆటలోనే. నాలుగు రోజులయ్యాక బొమ్మ స్థానంలో ఒక పిల్లను పెట్టారు.

సగం పని బాబుది, మిగతా సగం తరగతిది. ఎవరైనా అరచెయ్యి చూపిస్తే ఒక అడుగు వెనక్కి వేయాలన్నది గదిలో అందరికీ నియమం, టీచర్‌కు, ఆయమ్మకు కూడా. వాడు చెయ్యి చూపించినా ఎవరూ ఆగకపోతే మూడు రోజుల్లో ఆ సైగను వదిలేసి మళ్లీ పంటికే వెళ్తాడు. ఈ పద్ధతి చాలా చోట్ల విఫలమయ్యేది సరిగ్గా ఇక్కడే. కొరికే పిల్లవాడికి మాత్రమే నేర్పి, చుట్టూ ఉన్నవాళ్లను వదిలేస్తారు. పెద్దపిల్లలకు ఇంకొకటి చెప్పారు: చిన్నవాళ్లను ఎత్తుకోవాలంటే ముందు నిలబడి రెండు చేతులూ చాపాలి. వాడు వస్తేనే ఎత్తుకోవాలి. ముద్దుచేసే ఉబలాటం ఉన్నవాళ్లకు చిరుతిండి పళ్లేలు అందించే పని ఇచ్చారు.

వాడి భాషకూ గదిలో చోటు దొరికింది. అమ్మను యాడి అని, నీళ్లను పాణి అని, రొట్టెను బాటి అని, నాది అనడానికి మారో అని, ఇలా పదిహేను మాటలు నాయనమ్మ దగ్గర అడిగి టీచర్ తెలుగు లిపిలో గోడ మీద రాసుకుంది. తండాను బట్టి పలుకుబడి మారుతుంది, కాబట్టి పుస్తకంలోంచి కాకుండా ఆ ఇంటివాళ్లనే అడగడం మంచిది. జాతీయ విద్యావిధానం 2020, పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం 2022 రెండూ చిన్నపిల్లలకు ఇంటి భాషలో మొదలుపెట్టమనే చెబుతున్నాయి. ఆ మాట కింద ఒక కేంద్రంలో జరగాల్సిన పని ఇంతే: దాహమేసిన పిల్లవాడు పాణి అన్నప్పుడు గ్లాసు అందాలి. అందించాక "పాణి, నీళ్లు" అని రెండూ పలకాలి.

ఆ మూడు సెకన్లు

కొరికే ముందు ఒళ్లు చెబుతుంది. బాబు భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి బిగబడుతుంది, దవడ గట్టిపడుతుంది, చూపు ఎదుటివాడి చేతి మీద నిలుస్తుంది. అక్కడి నుంచి పంటి దాకా రెండు మూడు సెకన్లు. మొదటి రెండు వారాలు పదకొండు గంటల వేళ టీచర్ వాడికి చేయందేంత దూరంలో ఉండటం ఈ మూడు సెకన్ల కోసమే. మధ్యలో తన అరచెయ్యి పెట్టి, వాడి తరఫున "ఒద్దు, బాబు లారీ" అంటుంది. ఎదుటివాడు జరుగుతాడు. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేస్తే కొరకకుండానే పని జరిగిన అనుభవాలు నాలుగైదు పోగవుతాయి.

అడ్డుకోలేకపోతే, పళ్లు దిగి ఉంటే, కొరికించుకున్న చేతిని లాగకూడదు. లాగితే చర్మం చీలుతుంది. ఆ చేతినే మెల్లగా నోటివైపు నొక్కితే దవడ వదులవుతుంది. ముక్కు మూయడం, దవడ పట్టి విప్పడం చేయొద్దు.

విడిపించాక మొదట దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి. అలవాటు కొద్దీ అందరం కొరికినవాడి మీదికి పోతాం. దాంతో గదిలో అందరి చూపూ వాడి మీదే పడుతుంది, ఏడ్చే పిల్ల ఒంటరిదవుతుంది. సబ్బు, పారే నీళ్లతో కడగాలి. చర్మం తెగకపోతే చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు. పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్ట్ ఏదీ పూయొద్దు. రక్తం కనిపిస్తే ఐదు నిమిషాలు బాగా కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకెళ్తే ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు పడ్డాయో లేదో డాక్టర్ అక్కడే చూస్తారు. రక్తం వచ్చినప్పుడు కొరికిన పిల్లవాడి కార్డు కూడా చూడాలి. రక్తం తగిలింది వాడి నోటికి.

తర్వాత బాబు దగ్గరికి. వాడి ఎత్తుకు కూర్చొని, గొంతు తగ్గించి, "కొరికితే నొప్పి. కొరకనివ్వను." అంతే. వాడికి తెలుగు అంతంతమాత్రం, ఇంకో వాక్యం కలిపితే మొదటిది కూడా పోతుంది. "ఎందుకు కొరికినవ్?" అని అడగడం దండగ. మూడేళ్లవాడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబుండదు. అడిగే గొంతును బట్టి అది తిట్టని మాత్రం తెలుస్తుంది. సారీ చెప్పించరు. తడిగుడ్డ వాడి చేతికిచ్చి, అవతలి పిల్ల ఒప్పుకుంటే అందించమంటారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపితే టీచరే అందిస్తుంది. వద్దనే హక్కు ఆ పిల్లకూ ఉంది. రెండు నిమిషాల్లో బాబు మళ్లీ ఆటలోకి, ఈసారి టీచర్ పక్కనే కూర్చొని.

ఒకే పూటలో మూడోసారి కొరికినప్పుడు ఎంత అనుభవమున్న టీచర్‌కైనా చెయ్యి లేవబోతుంది. దానికి ఇక్కడ ఒక ఏర్పాటుంది. టీచర్ "ఆయమ్మా, నాకు నీళ్లు కావాలె" అంటే ఆయమ్మ పొయ్యి తగ్గించి వచ్చి గదిలో నిలబడుతుంది, టీచర్ రెండు నిమిషాలు బయటికి పోతుంది. ఏం జరిగిందని అడగడం, చర్చించడం ఉండదు.

ఇద్దరు తల్లులతో

దెబ్బ తగిలిన పిల్ల తల్లికి గాటు ఇంట్లో స్నానం చేయించేటప్పుడు కనబడితే, ఇక టీచర్ ఏం చెప్పినా నమ్మదు. కాబట్టి గేటు దగ్గరే టీచరే ముందు చూపించాలి. "అమ్మా, పదకొండున్నరకు ఇక్కడ పన్ను పడ్డది. చర్మం తెగలేదు. సబ్బుతో కడిగి తడిగుడ్డ వేసినం. లైను తీసేసి ముగ్గురు ముగ్గురిని పిలుస్తున్నం ఇప్పుడు." జరిగింది, చేసింది, మార్చింది. కొరికినవాడి పేరు చెప్పొద్దన్నది నియమం. నిజానికి పిల్లలే ఇంటికి చేరేలోపు వీధంతా చెప్పేస్తారు. అయినా టీచర్ నోటి నుంచి రాకపోవడానికి విలువుంది.

ఆ మాటల్లో ఒక తల్లి, "తండోళ్ల పిల్లగాడు, గట్లనే ఉంటరు" అంది. దీన్ని నవ్వి వదిలేస్తే రేపటికి పిల్లల నోట్లోకి వస్తుంది. టీచర్ వాదనకు దిగలేదు. "మీ చిన్నోడు రెండేళ్లప్పుడు ఆయమ్మ చెయ్యి కొరికిండు, యాదుందా అమ్మా" అని మాత్రం అంది. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య కొరకడం ఏ ఇంటి పిల్లల్లోనైనా మామూలేనని చెప్పడానికి ఆవిడకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

బాబు తల్లితో వ్యవహారం ఇంకా జాగ్రత్తగా నడపాలి. మొదట్లో రోజూ సాయంత్రం ఆమెకు "ఇయ్యాల ఇద్దర్ని కొరికిండు" అని చెప్పేవారు. ఇంటికెళ్లాక బాబుకు దెబ్బలు. పట్టిక చూస్తే, దెబ్బలు పడిన మర్నాడు కొరకడం ఎక్కువ. అప్పుడు పద్ధతి మార్చారు. రక్తం వస్తేనే అదే రోజు చెప్పడం. మిగతావన్నీ వారానికోసారి, ఆమెకు పని సెలవున్న రోజు, వేరే తల్లులు లేని వేళ. రోజూ గేటు దగ్గర చెప్పేది ఆ రోజు వాడు చేసిన ఒక పని: గాజులు పంచాడు, పాణి అడిగి తాగాడు. తల్లిని కోరింది రెండే. పొద్దున టీతో పాటు రాత్రి మిగిలిన రొట్టె ముక్క ఒకటి పెట్టడం, తొమ్మిదిన్నరకు ఫోను ఆపి వాణ్ని పడుకోబెట్టడం. మొదటిది జరిగింది. రెండోది ఆ షెడ్డులో ఆమె చేతిలో లేదు. అందుకే కేంద్రంలో మధ్యాహ్నం నిద్రను బాబుకు పావుగంట ముందే మొదలుపెట్టారు.

పనిచేయనివి

కొరకని రోజుకు ఒక నక్షత్రం అని చార్టు పెట్టారు, వారంలో తీసేశారు. సాయంత్రం వచ్చే స్టిక్కర్‌కు, పదకొండున్నరకు జరిగిన దానికి మూడేళ్లవాడు ముడి వేసుకోలేడు. పైగా నక్షత్రం రాని పిల్లవాడెవరో గోడ మీద అందరికీ కనిపిస్తుంది. నమలడానికి గుడ్డ ముక్క ఇచ్చి చూశారు. వాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. చొక్కా కాలర్, పెన్సిల్, ఏది దొరికితే అది రోజంతా నమిలే పిల్లలకు అది పనికొస్తుంది. బాబుది నమలాలన్న కోరిక కాదు.

అనుకోకుండా ఒక పరీక్ష కూడా జరిగింది. సరుకు ఆలస్యమై పదిన్నర చిరుతిండి ఐదు రోజులు ఆగింది. లైను లేదు, గాజులున్నాయి, అరచెయ్యి ఉంది, అయినా కొరకడం తిరిగొచ్చింది. సరుకు వచ్చాక మళ్లీ తగ్గింది. ఇందులో ఆకలి వాటా ఎంతో ఇంతకన్నా బాగా తెలిసే దారి లేదు. అప్పటి నుంచి సరుకు ఆగితే పిల్లల ఇళ్ల నుంచే పిడికెడు అటుకులు తెచ్చుకునే ఏర్పాటు చేశారు.

ఆరో వారానికి వారంలో ఒకటి రెండు ప్రయత్నాలు, అవీ ఎక్కువగా మధ్యలోనే ఆగినవి. మూడో నెలలో పన్ను పడలేదు. శ్రావణంలో తీజ్ పండుగకు కుటుంబమంతా తండాకు వెళ్లి తిరిగొచ్చాక మళ్లీ రెండుసార్లు కొరికాడు. అది ముందే ఊహించిందే కాబట్టి వచ్చిన మొదటి మూడు రోజులు టీచర్ పదకొండు గంటల వేళ తిరిగి చేయందే దూరంలోకి వచ్చింది. తోయడం మాత్రం ఇంకా ఉంది. అరచెయ్యి చూపిస్తాడు, ఎదుటివాడు జరగకపోతే ఆ అరచేత్తోనే తోస్తాడు.

ఈ మార్పులన్నీ రెండు మూడు నెలలు సరిగ్గా చేసినా కొరకడం తగ్గకపోతే, నాలుగేళ్లు దాటాక కూడా తరచూ రక్తం వచ్చేలా కొరుకుతుంటే, తన్ను తాను కొరుక్కుంటుంటే, వచ్చిన మాటలు పోతుంటే, పిలిస్తే తిరగకపోతే ఇది కేంద్రంలో తేలేది కాదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు వస్తుంది. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా కబురు చేసి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాయించాలి. వెళ్లేటప్పుడు రెండు వారాల పట్టిక జిరాక్సు తీసుకెళ్లాలి. 'బాగా కొరుకుతాడు' అన్న నోటిమాట కన్నా అది డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది.

బిల్డింగ్ పని అయిపోయాక కుటుంబం ఇంకో చోటికి కదిలింది. కొత్త కేంద్రానికి ఇవ్వడానికి టీచర్ ఒక కాగితం రాసి, తల్లి ఫోన్లో ఫోటో తీయించింది. అందులో ఉన్నవి: పదిన్నరకు ఏదో ఒకటి తినిపించండి. వెనక నుంచి ఎత్తుకోకండి. అరచెయ్యి చూపిస్తే ఒక అడుగు వెనక్కి వేయండి. నీళ్లకు పాణి అంటాడు. గాజులు పంచడం ఇష్టం. కొరికిన సంఘటనల పట్టిక ఆ ఫోటోలో పెట్టలేదు. అది పాత కేంద్రం బీరువాలో ఉంది. కొత్త టీచర్ అడిగితే ఫోన్లో చదివి వినిపిస్తానని కాగితం అడుగున నంబరు రాసింది.